సువాంగ్ క్లాసులో నిశ్శబ్దం

మా యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పేవాళ్ళం గుప్పెడు మందిమి. మాకు పెద్ద చిన్ మాస్టారు. చిన్ అంటే మా భాషలో తొమ్మిది. మా దేశం దక్షిణాదిలో ఇంట్లో పుట్టిన వరుసే పిలుపు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికిరాదు. నేను నామ్, అంటే అయిదు. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఒకే కారిడార్లో జుట్టు నెరిసేదాకా బతికాం కాబట్టి ఆయన గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

శాఖ పెద్ద అంటే టైమ్‌టేబుల్ వేసి సంతకాలు పెట్టేవాడని బయటివాళ్ళు అనుకుంటారు. మా దగ్గర ఆ కుర్చీకి అసలు పని వేరే. ఎవరు పాఠం చెబుతున్నా వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవాలి, చూడాలి. తర్వాత అందరినీ ఒక బల్ల చుట్టూ చేర్చి, ఐస్ టీ పోయించి, ఒక్కొక్కరి చేత అభిప్రాయం చెప్పించాలి. చివరి మాట ఆయనది. దీన్ని మేం క్లాసు చూడటం అంటాం. అభిప్రాయానికి కూడా ఒక పద్ధతుంది. ముందు మెప్పులు, ఆ తర్వాత నొప్పి తగలకుండా ఒక చిన్న సలహా. బోర్డు మీద రాత ముత్యాల్లా ఉందన్న మాట లేకుండా ఏ సమావేశమూ ముగిసేది కాదు. కోడి గీకినట్టు రాసే నాకు కూడా ఆ మెప్పు దక్కింది.

చూసే క్లాసు వేరు, మామూలు క్లాసు వేరని మాలో అందరికీ తెలుసు. చూసే రోజున ఆడవాళ్ళం పండగ పూట తొడుక్కునే పొడవాటి పట్టు అంగీ, ఆవ్ యాయ్ వేసుకొస్తాం. పిల్లలు తల దువ్వుకుని ముందు బెంచీల్లో కూర్చుంటారు. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో ముందే అనుకుని ఉంటారు. ఇది మోసమని మాకెప్పుడూ అనిపించలేదు. ఇంటికి చుట్టాలొస్తే మంచం మీద దుప్పటి మార్చమా? తమ టీచరు పదిమందిలో చిన్నబోకూడదని పిల్లలు కూడా ఇష్టంగానే చేస్తారు.

చిన్ అన్నయ్యకు మాత్రం అది గిట్టేది కాదు. శాఖ పెద్ద కాగానే ఇక మీదట ఏ క్లాసుకు ఎప్పుడొస్తానో చెప్పనన్నాడు. "నాకు వడ్డించిన కూరొద్దు, తరుగుతున్నప్పుడు చూపించండి" అన్నాడు. చెప్పినట్టే చెప్పా పెట్టకుండా వచ్చి వెనక కూర్చునేవాడు. ఒకసారి నాకు తలనొప్పిగా ఉండి పిల్లల చేత పుస్తకం చదివిస్తున్నప్పుడు వచ్చాడు. ఆ సాయంత్రం బల్ల దగ్గర, "పిల్లలు బాగా చదివారు, మీరు కూడా బాగా విన్నారు" అన్నాడు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

అయితే ఒప్పుకోవాలి, మెల్లమెల్లగా మాలో ఏదో మారింది. క్యాంటీన్లో ప్రమోషన్ల గురించి కాకుండా పాఠాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఈ ముక్క ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కడం లేదని ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం సిగ్గు లేకుండా చెప్పుకున్నాం. అదంతా ఆయన పుణ్యమే.

సువాంగ్ ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. కొబ్బరి తోటల వైపు నుంచి వచ్చింది. సన్నగా ఉండేది, గొంతు పెదవి దాటేది కాదు. చదువయ్యాక మా శాఖలోనే కాంట్రాక్టు మీద చేరింది. మొదట్లో ఎవరైనా నన్నడిగి ఉంటే ఈ పిల్లకు పాఠాలు చెప్పే పని సరిపడదని చెప్పేసేదాన్ని. ఎందుకంటే ఆమె ప్రశ్న అడిగి ఆగిపోయేది.

మేమందరం ప్రశ్న అడుగుతాం, ఎవరూ పలకరు, జవాబు మేమే చెప్పేసుకుని ముందుకు పోతాం. సువాంగ్ అలా కాదు. కిటికీకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడేది. ఏ తొందరా ఉండేది కాదు. పైన ఫ్యాను తిరుగుతూ ఉండేది, బయట నది మీద పడవ మోటారు దగ్గరకొచ్చి దూరమయ్యేది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. చివరికి ఎవడో ఉండబట్టలేక నోరు తెరిచేవాడు. వాడు చెప్పింది తప్పు. దాన్ని ఇంకొకడు కాదనేవాడు. అక్కడినుంచి ఇక ఆ క్లాసును ఎవరూ ఆపలేరు. పక్క గదిలో పాఠం చెప్పుకునే నేను గోడ మీద కొట్టిన రోజులున్నాయి.

ఉప్పునీరు నది వెంట చాలా పైకి ఎక్కి వచ్చిన ఎండాకాలం అది. ఖాంగ్ అని ఒక కుర్రాడు లేచి, మా ఊళ్ళో అందరి వరీ మాడిపోయింది, మా నాన్న చేలో ఒక్క మూల మాత్రం పచ్చగా ఉంది, ఎందుకని అడిగాడు. సువాంగ్ చాలాసేపు ఆలోచించింది. తర్వాత మామూలు గొంతుతో, "నాకు తెలీదు" అంది. మా దగ్గర టీచరు క్లాసులో ఆ మాట అనడమంటే చెప్పుల్లేకుండా పెళ్ళికి వెళ్ళడమే. మీలో ఎవరికైనా తెలుసా అని అడిగింది. ఎవరికీ తెలియదు. "అయితే వెళ్ళి చూద్దాం" అంది.

బస్సెక్కి, బల్లకట్టు దాటి, క్లాసు క్లాసంతా ఆ ఊరు వెళ్ళారు. మట్టి తవ్వారు, నాలుక మీద వేసుకున్నారు, గొడవపడ్డారు. మళ్ళీ వెళ్ళారు. ఆ మూలకు పక్కనే బాతుల కోసం తవ్విన గుంట ఉందని, అందులో నిలిచిన వాననీరు లోపల్లోపలే ఊరుతూ ఉప్పును దగ్గరికి రానివ్వలేదని చివరికి వాళ్ళే తేల్చారు. ఆ పిల్లలు ఇప్పటికీ ఆ పాఠం మర్చిపోయి ఉండరు. నేను నా చేతులతో రాసిన పుస్తకంలో అదే విషయం ఉంది. అది చదివి గుర్తుపెట్టుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

సువాంగ్ తెలీదన్నప్పుడు చిన్ అన్నయ్య వరండాలో, కిటికీ పక్కన ఉన్నాడు. నేరుగా నా గదికి వచ్చాడు. టీ పోసుకుని అలాగే వదిలేశాడు.

"ఇన్నేళ్ళూ నేను నోటితో చెప్తూ వచ్చింది ఆ పిల్ల చేసి చూపిస్తోంది చెల్లెమ్మా" అన్నాడు. "చెప్పడం నాకు చేతనైంది గానీ, అలా ఆగడం నావల్ల ఎప్పుడూ కాలేదు."

ఆయనకు పిల్లల్లేరు. ఆ రోజు ఆయన మొహం చూస్తే మాత్రం ఇంట్లో ఎవరో పుట్టినట్టుంది.

మరుసటి ఏడు మా శాఖలో ఒక పర్మనెంటు ఉద్యోగం ఖాళీ అయింది. సువాంగ్ కాంట్రాక్టు కూడా అప్పుడే ముగుస్తుంది. ఆ ఉద్యోగం వస్తే ఉంటుంది, లేకపోతే వెళ్ళిపోవాల్సిందే. రొయ్యల మేత కంపెనీవాళ్ళు ఆమె కోసం అప్పటికే కబురు పెడుతున్నారు. తేల్చేది ఒకే ఒక్క క్లాసు. శిక్షణ విభాగం నుంచి కమిటీ వచ్చి చూస్తుంది, ఆ రోజు చూసిందే లెక్క. కమిటీకి పెద్ద తూయెత్ మేడమ్. చెడ్డమనిషి కాదు. కానీ చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుని కూర్చునే మనిషి. పాఠం గడియారంతో పాటు నడవాలి, చేతులు టకటకా లేవాలి, అప్పుడే ఆవిడ పెదవి విచ్చుకుంటుంది.

అంతకు ముందు ఏడు ఫాత్ అని ఒక అబ్బాయి ఇదే కమిటీ ముందు నిలబడ్డాడు. చిన్ అన్నయ్యే వాడికి ధైర్యం చెప్పాడు. నాటకాలొద్దు, రోజూ ఎలా చెప్తావో అలాగే చెప్పు అన్నాడు. వాడలాగే చెప్పాడు. ప్రశ్న అడిగితే ఎవరూ లేవలేదు, వాడే తడబడ్డాడు, ఒక చోట ఇది చూసి చెప్తానన్నాడు. తయారీ లేదని కమిటీ తేల్చేసింది. ఫాత్ ఇప్పుడు ఎరువుల కొట్లో పనిచేస్తున్నాడు. ఎదురుపడితే మర్యాదగా నమస్కారం పెడతాడు. ఆ నమస్కారానికి భయపడి అన్నయ్య బజారు వైపు వెళ్ళడమే మానేశాడు.

సువాంగ్ క్లాసు తేదీ వచ్చాక ఆయనకు తిండి సయించలేదు. గేటు ముందు కాఫీ బండి దగ్గర కూర్చున్నాం. గ్లాసు అడుగున చిక్కటి పాలు ఎప్పుడో కలిసిపోయాయి, ఆయన చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

"ఆ పిల్ల ఆగిందంటే తూయెత్ గడియారం చూస్తుంది" అన్నాడు.

"ఆ ఒక్క రోజుకీ ఆగొద్దని చెప్పండి."

"చెప్తే ఆగదు. తర్వాత ఇంకెప్పుడూ ఆగదేమోనని భయం."

కాసేపటికి ఆయనే మళ్ళీ ఎత్తుకున్నాడు. సువాంగ్‌కు ఏమీ చెప్పనన్నాడు. పిల్లలకు చెప్తానన్నాడు. ఆమె అడగ్గానే వాళ్ళు లేచి జవాబిస్తే ఆమె ఆగాల్సిన పనే ఉండదు. ఆమె ఎప్పటిలాగే ఉంటుంది, క్లాసూ గట్టెక్కుతుంది, ఉద్యోగమూ వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగుతుంది. లెక్క చూస్తే ఎక్కడా తప్పు కనపడలేదు.

"అన్నయ్యా, ఇంతకీ కూర వండేది మీరా?" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "ఒక్కసారికే" అన్నాడు.

నాకది తప్పుగా తోచలేదు. అందరం చేసేదే కదా, ఇన్నాళ్ళకు ఈ మనిషి మాలో కలిశాడనిపించింది. నిజం చెప్పాలంటే కొంచెం సంతోషించాను కూడా.

క్లాసు లీడరు లూయెన్‌ను పిలిచి చెప్పాడు. లూయెన్ గట్టిపిల్ల. వాళ్ళ మేడమ్ కోసం అంటే ఆ క్లాసంతా నిప్పుల్లో దూకేటట్టున్నారు. మేడమ్‌కు తెలియకూడదన్న మాట వాళ్ళకు మరీ నచ్చింది. హాస్టల్ వంటగది వెనక చేరి సాధన చేశారు. పాఠం పథకం శాఖ పెద్దకు ముందే ఇవ్వాలి కాబట్టి ప్రశ్నలన్నీ అన్నయ్య దగ్గర ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఎవరో ఆయనే పంచాడు. అన్నీ సరైన జవాబులే వస్తే కమిటీకి అనుమానం వస్తుందని ఒక తప్పు జవాబు కూడా రాసిచ్చాడు. ఆ తప్పు చెప్పే పని ఖాంగ్‌కు పడింది. దాన్ని లూయెన్ సరిదిద్దాలి. అంత తెలివైన మనిషి, ఆ వేషం పోయి పోయి ఖాంగ్‌కు ఇచ్చాడు. భయంలో మనిషికి ఎదురుగా ఉన్నది కూడా కనిపించదు.

ఆ రోజు సువాంగ్ తెల్లటి ఆవ్ యాయ్‌లో వచ్చింది. కమిటీ వెనక వరుసలో కూర్చుంది, వాళ్ళ పక్కన అన్నయ్య, ఆయన పక్కన నేను. తూయెత్ మేడమ్ గడియారం విప్పి బల్ల మీద పెట్టింది.

సువాంగ్ మొదటి ప్రశ్న అడిగి, అలవాటుగా కిటికీ వైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడకముందే చేతులు లేచాయి. ఒక అమ్మాయి నిలబడి చక్కగా జవాబు చెప్పి కూర్చుంది. సువాంగ్ మొహంలో ఆశ్చర్యం, దానితో పాటు సంతోషం. పిల్లలు ఇవాళ ఇంత హుషారుగా ఉన్నారేమిటా అనుకుని ఉంటుంది. రెండో ప్రశ్నకూ అంతే. మూడో ప్రశ్నకు కిటికీ వైపు వెళ్ళడం మానేసింది.

అప్పుడు ఖాంగ్ లేచాడు. ఉప్పు ఎక్కిన నేలకు ఎరువు రెట్టింపు వేస్తే వరి కోలుకుంటుందని, పలకలో చూసి చదివినట్టు చెప్పాడు. నాకే సిగ్గేసింది. సొంత చేలో సువాంగ్‌తో కలిసి మోకాళ్ళ మీద మట్టి తవ్విన కుర్రాడు. ఆ మాట వాడి నోట రాదని ఆ గదిలో అందరికీ తెలుసు, కమిటీకి తప్ప.

లూయెన్ సరిదిద్దడానికి లేస్తోంది. సువాంగ్ చేత్తో ఆపింది.

"ఉండమ్మా. ఖాంగ్, మీ నాన్న చేలో ఆ మూల బతికింది కదా. అక్కడ ఎరువేశారా?"

ఇది పథకంలో లేని ప్రశ్న. ఖాంగ్ నోరు తెరిచాడు, మూశాడు. తర్వాత వెనక్కి తిరిగి చిన్ మాస్టారి వైపు చూశాడు. వాడొక్కడే అయితే పోయేది. లూయెన్ చూసింది. ఆమె వెంట క్లాసు సగం తిరిగి చూసింది. అన్నయ్య తల దించుకున్నాడు. నిశ్శబ్దం సాగుతోంది. సువాంగ్ క్లాసులో ఎప్పుడూ ఉండే నిశ్శబ్దమే అది, ఇంకాస్త వదిలేస్తే ఖాంగ్ ఏదో ఒకటి చెప్పేవాడు, సొంత జవాబే చెప్పేవాడు. తూయెత్ మేడమ్ గడియారం వైపు వంగింది. అన్నయ్య తలెత్తి లూయెన్‌కు కళ్ళతో సైగ చేశాడు. లూయెన్ లేచి, ఎరువు కాదు, తియ్యటి నీరు ఊరడం వల్ల అని గడగడా చెప్పేసింది.

ఆ సైగ సువాంగ్ చూసింది. చూస్తుండగా నేను ఆమెను చూశాను. ఇప్పుడు సుద్దముక్క కింద పెట్టి బయటికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. చిన్నగా నవ్వింది. అలాంటి నవ్వు ఆ పిల్ల మొహంలో అంతకు ముందు ఎప్పుడూ లేదు, మేమందరం చుట్టాల ముందు నవ్వే నవ్వు. శభాష్ అని లూయెన్‌ను మెచ్చుకుని పాఠం కొనసాగించింది. గడియారంతో పాటే ముగించింది.

బల్ల చుట్టూ కూర్చున్నాం. ఐస్ టీ వచ్చింది. ఇంత చురుకైన క్లాసు ఈ ఏడాది చూడలేదని తూయెత్ మేడమ్ అంది. ఒక పిల్లవాడు తప్పు చెబితే ఇంకో పిల్ల సరిదిద్దడం తనకు మరీ నచ్చిందట. రాత ముత్యాల్లా ఉందని ఎవరో అన్నారు, బహుశా నేనే. చివరి మాట అన్నయ్యది. ఆయన చాలా బాగుందని మాత్రం అన్నాడు. సువాంగ్ లేచి అందరికీ వంగి నమస్కారం చేసింది.

అందరూ వెళ్ళాక ముగ్గురం మిగిలాం. నేను గ్లాసులు సర్దుతున్నాను.

"పిల్లలు మీవైపు చూశారు మాస్టారూ" అంది సువాంగ్.

"నిన్ను ఇక్కడే ఉంచుకోవాలనుకున్నానమ్మా."

"నా క్లాసు బాగుంటుందని మీరన్నప్పుడల్లా నేను నమ్మేదాన్నండీ."

"బాగుంటుంది కాబట్టే కదా తల్లీ ఇంత తాపత్రయం."

"అంత బాగుంటే ఇదంతా ఎందుకు మాస్టారూ?"

కోపం లేదు ఆ గొంతులో. అర్థం కాని లెక్క అడిగినట్టే అడిగింది. ఆ పిల్ల ఆగింది, ఎప్పట్లాగే, తొందర లేకుండా. ఆయన నేను సర్దుతున్న గ్లాసుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫాత్ సంగతి చెప్పి ఉండాల్సింది, తన భయం సంగతి చెప్పి ఉండాల్సింది. చెబితే విని ఉండేది. చివరికి ఆమే, మీరు నాకోసమే చేశారు, చాలా కృతజ్ఞతలండీ అని వంగి నమస్కరించి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని అన్నయ్య తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. రొయ్యల మేత కంపెనీకి వేరే ఎవరో వెళ్ళారు. మా బెంగ తీరింది.

సువాంగ్ ఒక్కరోజులో మారలేదు. కొన్నాళ్ళు ఆగడానికి ప్రయత్నించింది. నేను గోడ ఇవతల నుంచి విన్నాను. ప్రశ్న అడిగేది, ఆగేది. కానీ ఇప్పుడు ఆ పిల్లలకు ఇంకోటి తెలుసు. మేడమ్‌కు ముఖ్యమైన రోజున నిశ్శబ్దం పనికిరాదని, గబగబా సరైన జవాబు చెప్పడమే ఆమెకు సాయమని పెద్దాయనే నేర్పాడు. కాబట్టి ఎవడో ఒకడు పుస్తకంలో ముక్క చదివేసి ఆమెను కాపాడేవాడు. ఆమెకు కూడా పిల్లలు నిజంగా ఆలోచిస్తున్నారా, లేక తనమీద ప్రేమతో పలుకుతున్నారా అన్న అనుమానం పట్టుకుంది. అనుమానంతో ఆగడం కుదరదు. ఆగాలంటే ఎదుటివాడి మీద నమ్మకం ఉండాలి. మెల్లమెల్లగా ఆమె కూడా జవాబులు తనే చెప్పుకుని ముందుకు పోవడం మొదలుపెట్టింది. నేను గోడ మీద కొట్టాల్సిన అవసరం పోయింది.

అన్నయ్య ఊరుకోలేదు. వరండాలో ఆ కిటికీ పక్కన గంటలు గంటలు నిలబడేవాడు. సాయంత్రం పిలిచి, ఫలానా చోట కాస్త ఆగి ఉండాల్సిందమ్మా అనేవాడు. ఆమె అవును మాస్టారూ అనేది, రాసుకునేది, మర్నాడు అదే క్లాసు. ఎదురు చెప్పడం మా దగ్గర లేదు కదా, కాదనాలన్నా అవుననే అంటాం. ఒకసారి ఆయన తెగించి ఆ రోజు తప్పు చేశానని ఆమెతో అన్నాడట. అలా అనకండి, మీరు లేకపోతే నేనెక్కడ ఉండేదాన్ని అని ఆమె కన్నీళ్ళు పెట్టుకుందట. పెద్దవాళ్ళ తప్పును చిన్నవాళ్ళు ఒప్పుకోవడం కూడా మా దగ్గర అమర్యాదే.

తర్వాత ఆమె పాఠాల పోటీలకు వెళ్ళింది, బహుమతులు తెచ్చింది. తూయెత్ మేడమ్ ఆమెను అన్ని శాఖలకూ తిప్పి చూపించింది. నిజంగానే ముచ్చటైన పాఠాలు అవి. ఒక్క చెయ్యీ ఆలస్యంగా లేచేది కాదు. కొత్తగా చేరినవాళ్ళకు దారి చూపించే పని ఆమెకే ఇచ్చారు. చెయ్యాల్సిన పని శ్రద్ధగా చేసింది. క్లాసులో ఒక తప్పు జవాబు కూడా ముందే పెట్టుకోండి, సహజంగా ఉంటుందని ఆమె ఒక కొత్త కుర్రాడికి చెబుతుంటే అన్నయ్యా నేనూ విన్నాం. ఆయన చేతిలో పుస్తకాలు నా చేతిలో పెట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

రిటైరయ్యే ముందు వర్షాకాలంలో నాతో అన్నాడు. "నేను ఆ పిల్ల ఉద్యోగం కాపాడాను చెల్లెమ్మా. ఆ పిల్లని కాపాడలేదు."

"ఎవరైనా అంతే చేసేవాళ్ళు" అన్నాను.

"అదే కదా. ఎవరైనా చేసేది నేనూ చేశాను."

ఆయన వీడ్కోలు సభ టీచర్ల పండగ రోజునే పెట్టారు. హాలు నిండా పూలు. శాఖ పెద్దగా ఆయన తర్వాత కుర్చీ సువాంగ్‌దే. కాబట్టి మాట్లాడే వంతు కూడా ఆమెదే. పట్టు ఆవ్ యాయ్‌లో నిండుగా ఉంది. గొంతు ఇప్పుడు వెనక వరుసదాకా వినబడుతుంది.

చిన్ మాస్టారు తనకు ఏం నేర్పారో చెప్పింది. తను బొత్తిగా లోకం తెలియని పిల్లగా ఉన్నప్పుడు, క్లాసును గాలికి వదిలేసి అదే గొప్ప అనుకుంటున్నప్పుడు, తనకు తెలియకుండానే తనను ఒడ్డున పడేశారంది. ఆ రోజు కొంచెం బాధపడ్డానని, చిన్నతనమని నవ్వింది. "టీచరంటే తన పిల్లల్నీ, తన తర్వాత వచ్చే టీచర్లనీ పదిమంది ముందు తడబడనివ్వకుండా చూసుకునే మనిషని మాస్టారి దగ్గరే నేర్చుకున్నాను. నేనూ అలాగే చూసుకుంటాను" అంది. వెటకారం లేదు. ఉండి ఉంటే ఎంత బాగుండేది, వెటకారమైతే పాత సువాంగ్ ఎక్కడో ఒక మూల మిగిలి ఉందనుకునేవాళ్ళం. ఆ పిల్ల మనస్ఫూర్తిగా అంది.

అన్నయ్య లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. జేబులో కాగితం ఉంది, తియ్యలేదు.

"ఆ రోజు నేను చేసింది మంచి పని కాదు" అన్నాడు. హాలు సద్దుమణిగింది. "ఈ అమ్మాయి క్లాసులో ఒక నిశ్శబ్దం ఉండేది. ప్రశ్న అడిగి ఆగేది. అంత మంచి పాఠం నా జీవితంలో ఇంకెక్కడా చూడలేదు నేను. దాన్ని నమ్మడానికి నాకు ధైర్యం చాల్లేదు. పిల్లల చేత నాటకం ఆడించాను. నా భయంతో దాన్ని నా చేతులారా చంపేశాను. ఈ యూనివర్సిటీలో నేను చేసిన మంచి ఏదైనా ఉంటే ఆ ఒక్క పనితో పోయింది." సువాంగ్ వైపు తిరిగాడు. "మళ్ళీ ఆగు తల్లీ. ఎవరూ పలక్కపోయినా ఆగు. నన్ను చూసి నేర్చుకోకు."

ఒక క్షణం ఎవరూ కదల్లేదు. సువాంగ్ ఆయన కళ్ళలోకి చూస్తోంది, ఆమె పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. ఏదో అడగబోతోందనిపించింది.

ముందు వరుసలో తూయెత్ మేడమ్ చప్పట్లు మొదలుపెట్టింది. హాలంతా అందుకుంది. పిల్లలు లేచి నిలబడ్డారు. సభ నడిపే అతను మైకు అందుకుని, ఇంత సాధించి కూడా ఇంత వినయమా, ఇవాళ మన అందరికీ మాస్టారు చెప్పిన ఆఖరి పాఠం ఇదే అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. సువాంగ్ పెదవులు మూసుకుంది. కళ్ళు తుడుచుకుని, పూలగుత్తి తీసుకుని వచ్చి ఆయన ముందు వంగి నిలబడింది. ఆయన అందుకున్నాడు. అందుకోకుండా ఎలా ఉంటాడు?

ఫోటోలు చాలాసేపు సాగాయి. మెట్లు దిగుతుంటే ఆయన చేతిలో పూలు ఎక్కువై, సగం నేను పట్టుకున్నాను. కింద గుమ్మం దగ్గర సువాంగ్ కొత్త కుర్రాణ్ణి ఆపి, వచ్చే వారం కమిటీ వస్తోంది కదా, పిల్లలతో మాట్లాడి ఉంచుకున్నావా తమ్ముడూ అని ఆప్యాయంగా అడుగుతోంది. అన్నయ్య మెట్టు మీద ఆగిపోయాడు.

"నేను చెప్పింది వాళ్ళకి వినపడలేదా చెల్లెమ్మా?"

"వినపడింది అన్నయ్యా" అన్నాను. "చాలా బాగా మాట్లాడారనుకున్నారు."